తప్పు జవాబు దగ్గర మొదలుపెట్టండి: 6, 7, 8 తరగతుల పిల్లలకు లెక్కల పునాది

ఏడో తరగతి పిల్లలకు సమీకరణాలు రావడం లేదంటే లోపం సాధారణంగా సమీకరణాల్లో ఉండదు. భిన్నాల్లోనో, భాగహారంలోనో, ఇంకా కిందికి వెళ్తే స్థానవిలువలోనో ఉంటుంది. ఆ చోటేదో తెలుసుకోకుండా పాఠం మొదటి నుంచి మళ్లీ చెప్పినా, అవే లెక్కలు ఇంకో యాభై చేయించినా పెద్దగా లాభం లేదు. తప్పు పద్ధతినే ఇంకో యాభై సార్లు సాధన చేసినట్టవుతుంది. అందుకే మొదటి పని పాఠం చెప్పడం కాదు, పిల్లలు తప్పు ఎలా చేస్తున్నారో చూడటం.

మార్కులు వేయని పరీక్ష

పిల్లల తప్పులన్నీ అజాగ్రత్త వల్ల వచ్చేవి కావు. చాలా తప్పుల వెనక ఒక నియమం ఉంటుంది. పిల్లలు దాన్ని పూర్తి నమ్మకంతో పాటిస్తారు, కాకపోతే అది తప్పు నియమం. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు 1978లో తీసివేతల్లోని తప్పులను సరిగ్గా ఇలాగే, కంప్యూటర్ ప్రోగ్రాముల్లో దొర్లే బగ్‌ల మాదిరిగా విశ్లేషించి చూపారు. నియమం ఏమిటో పట్టుకుంటే తర్వాతి లెక్కలో ఏ తప్పు జవాబు వస్తుందో మీరు ముందే చెప్పగలరు. అలా చెప్పగలిగితే మీ నిర్ధారణ చాలావరకు సరైనదే.

పదిహేను ప్రశ్నలు, ముప్ఫై నిమిషాలు చాలు. ఇచ్చిన వాటిలోంచి జవాబు ఎంచుకునే ప్రశ్నలు వద్దు. చిత్తుపని అదే కాగితం మీద చేయాలి, రబ్బరు వాడకూడదు, కొట్టేసింది కూడా కనబడాలి. ప్రతి ప్రశ్నా ఒక ప్రత్యేకమైన తప్పును బయటపెట్టేలా ఉండాలి. కొన్ని నమూనాలు:

503 − 267. సరైన జవాబు 236. 364 వచ్చిందంటే ప్రతి స్థానంలోనూ పైనా కిందా చూడకుండా పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసేస్తున్నారు. 246 వస్తే అప్పు తీసుకోవడం తెలుసు గానీ, సున్నా 10 అయ్యాక ఒకట్ల స్థానానికి ఒకటి ఇస్తే 9 మిగలాలన్న సంగతి మరిచారు. ఈ రెండు తప్పులకూ మందు ఒకటే కాదు.

408 × 6. 2448 రావాలి. 3648 వచ్చిందంటే చేతిలో ఉన్న 4ను గుణించాక కలపాల్సింది పోయి, ముందే సున్నాకు కలిపి ఆపైన గుణిస్తున్నారు.

612 ÷ 6. 102 బదులు 12 వస్తే భాగఫలంలో సున్నా జారిపోయింది.

0.6, 0.45లలో ఏది పెద్దది? 0.3, 0.35లలో ఏది పెద్దది? ఈ రెండూ కలిపే అడగాలి. అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదనుకునే పిల్లలు మొదటిది తప్పుతారు, రెండోది సరిగ్గా చెప్తారు. అంకెలు తక్కువుంటేనే పెద్దదనుకునే పిల్లలు మొదటిది సరిగ్గా చెప్పి రెండోది తప్పుతారు. ఒక్క ప్రశ్నే ఇస్తే ఇద్దరిలో ఒకరు తప్పు ఆలోచనతోనే సరైన జవాబు రాసి మీ కన్ను కప్పేస్తారు.

5/6, 7/8లలో ఏది పెద్దది? 'రెండింటిలోనూ ఒక్క ముక్కే తక్కువ, కాబట్టి సమానం' అనే జవాబు చాలాసార్లు వస్తుంది. తగ్గిన ముక్క ఎంత పెద్దదో వాళ్లు చూడలేదు.

1/2 + 1/3, −3 − 5, 8 + 4 = □ + 5. వీటిలో వచ్చే తప్పుల సంగతి ఆయా భాగాల్లో చెప్తాం.

దిద్దేటప్పుడు కాగితాలను మార్కుల వరసలో కాకుండా తప్పు రకాన్ని బట్టి కుప్పలు వేయండి. ఒకే తప్పు సగం తరగతిలో ఉంటే అందరికీ పాఠం చెప్పాలి. ముగ్గురు నలుగురిలోనే ఉంటే మిగతావాళ్లు అభ్యాసం చేసుకునే సమయంలో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు. అర్థం కాని జవాబు రాసినవాళ్లతో మూడు నిమిషాలు మాట్లాడండి. 'ఇది ఎలా చేశావో చెప్పు' అని మాత్రమే అడగండి, మధ్యలో దిద్దకండి. దిద్దడం మొదలుపెట్టిన మరుక్షణం పిల్లలు తాము చేసింది చెప్పడం మానేసి మీ మొహం చూసి జవాబు మార్చడం మొదలుపెడతారు.

స్థానవిలువ, నాలుగు ప్రక్రియలు

ఆరో తరగతికి వచ్చాక స్థానవిలువ పాఠం మళ్లీ చెప్తే పిల్లలకు చిన్నతనంగా ఉంటుంది. అందుకే విడి పాఠంగా కాకుండా లెక్కలోనే చెప్పండి. 503ను 4 వందలు, 9 పదులు, 13 ఒకట్లుగా విడదీసి రాయించండి. 400 + 90 + 13 మొత్తం 503 అవుతుందని వాళ్లే కూడి చూడాలి. ఆ తర్వాతే నిలువు తీసివేత. ఇలాంటి సంఖ్యలు ఆరేడు విడదీస్తే సున్నా దగ్గర తడబాటు చాలావరకు తగ్గుతుంది.

గుణకారానికి దీర్ఘచతురస్రం గీయించండి. 23 × 14 అంటే 20, 3 ఒక వైపు. 10, 4 ఇంకో వైపు. నాలుగు గదుల్లో 200, 80, 30, 12 వస్తాయి, మొత్తం 322. నిలువు పద్ధతిలో రెండో వరసలో 230 ఎందుకు వస్తుందో, చివర సున్నా ఎందుకు వేస్తామో ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది. ఎనిమిదో తరగతిలో రెండు ద్విపదులను గుణించేటప్పుడూ ఇదే బొమ్మ పనికొస్తుంది కాబట్టి దీనికి పెట్టిన సమయం వృథా పోదు.

భాగహారంలో మొదట అంచనా. 4235 ÷ 7 చేసే ముందు 'జవాబు పదుల్లో ఉంటుందా, వందల్లోనా?' అని అడగండి. ఏడు ఆరువందలు 4200 కాబట్టి జవాబు 600కు కొంచెం పైన. మిగిలిన 35లో 7 అయిదు సార్లు. 605. ఈ అంచనా అలవాటైన పిల్లలు 65 రాసినా తమంతట తామే అనుమానపడతారు. సున్నా వేయడం మరిచిపోవద్దని వందసార్లు హెచ్చరించినా ఆ పని జరగదు.

ఎక్కాలు: వంద కాదు, పదిహేనే

ఎక్కాలు రాని ఏడో తరగతి పిల్లలకు భిన్నాలు నేర్పితే వాళ్ల బుర్రంతా 7 × 8 ఎంతో వెతుక్కోవడంలోనే ఖర్చయిపోతుంది. అలాగని మళ్లీ రెండో ఎక్కం నుంచి వల్లె వేయించనక్కర్లేదు. 10 × 10 పట్టికలో 100 గళ్లున్నాయి. 3 × 7, 7 × 3 ఒకటేనని తెలిస్తే మిగిలేవి 55. 1, 2, 5, 10 ఎక్కాలు చాలామందికి వస్తాయి, వాటిని తీసేస్తే 21. తొమ్మిదో ఎక్కాన్ని పది రెట్ల నుంచి ఒక రెట్టు తీసేసి రాబట్టవచ్చు (9 × 7 అంటే 70 − 7). ఇక మిగిలేవి పదిహేనే: 3, 4, 6, 7, 8 అంకెలు తమలో తాము, ఒకదానితో ఒకటి గుణించుకునేవి. ఈ పదిహేనింటినీ కాగితం మీద రాసి ఇస్తే పిల్లల మొహంలో భయం సగం పోతుంది.

వారానికి మూడు చొప్పున తీసుకోండి. ప్రతిదానికీ తెలిసిన దాని నుంచి వచ్చే దారి చూపండి: 7 × 8 అంటే అయిదు ఎనిమిదులు 40, రెండు ఎనిమిదులు 16, మొత్తం 56. రోజూ మూడు నిమిషాలు, పాతవీ కొత్తవీ కలిపి అడగాలి. తరగతి ముందు నిలబెట్టి గడియారం పెట్టి అడగడం మాత్రం వద్దు. అప్పటికే వచ్చినవాళ్లకు అది సరదా, రానివాళ్లకు అవమానం. నోరు మూతపడ్డ పిల్లల దగ్గర మీకు తెలిసేదేమీ ఉండదు.

భిన్నాలు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. నిష్పత్తి, శాతం, దశాంశాలు, బీజగణితం అన్నీ దీని మీదే నిలబడతాయి.

భిన్నాన్ని గుండ్రటి బొమ్మలో రంగు వేసిన ముక్కగా మాత్రమే చూసిన పిల్లలు 5/4 దగ్గర ఆగిపోతారు. 'నాలుగు ముక్కల్లోంచి అయిదు ఎలా తీస్తాం?' వాళ్ల ప్రశ్నలో తప్పేం లేదు, బొమ్మే చాలదు. 5/4 అంటే 1/4 అయిదు సార్లు అని చెప్పండి. భిన్నం ఒక సంఖ్య అని, సంఖ్యారేఖ మీద దానికో చోటుందని ఒప్పించడమే అసలు పని.

సామగ్రి: ప్రతి ఇద్దరు పిల్లలకు 24 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పున్న ఏడు కాగితం పట్టీలు. ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు కాబట్టి సరిపోతుంది. 24 ఎందుకంటే 2, 3, 4, 6, 8, 12లతో నిశ్శేషంగా పోతుంది. ఒక పట్టీని అలాగే ఉంచి, మిగిలిన వాటి మీద సగాలు (12 సెం.మీ.), మూడో వంతులు (8), నాలుగో వంతులు (6), ఆరో వంతులు (4), ఎనిమిదో వంతులు (3), పన్నెండో వంతులు (2) గీతలతో గుర్తించాలి. ముక్కలుగా కత్తిరించకండి, పోతాయి. మూడో వంతుల్ని మడతపెట్టి చేయించకండి. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే 1/3, 2/6 ఒకదాని కింద ఒకటి కలవవు, అప్పుడు పిల్లలు మీ మాట కన్నా పట్టీనే నమ్ముతారు. స్కేలుతో కొలిపించండి. అయిదో వంతులు 24లో కుదరవు, వాటికి విడిగా 20 సెంటీమీటర్ల పట్టీ చేసుకోండి.

రెండు కాగితాలు పొడవుగా అతికించి, పట్టీ అంచును వాటికి ఆనించి 0 నుంచి 2 వరకు సంఖ్యారేఖ గీయించి 3/4, 5/4, 5/3, 1/2 గుర్తించమనండి. ఇక్కడ పిల్లలు ఖాళీలను లెక్కపెట్టకుండా గీతలను లెక్కపెడతారు. నాలుగో వంతులకు 0కూ 1కీ మధ్య మూడు గీతలే ఉంటాయి, వాళ్లు నాలుగు పెడతారు, దాంతో అయిదు భాగాలవుతాయి. 'గీతలు కాదు, అడుగులు లెక్కపెట్టు' అని వేలితో గెంతుతూ చూపిస్తే సర్దుకుంటుంది.

కూడికకు వచ్చేసరికి 1/2 + 1/3 = 2/5 అని రాసేవాళ్లు ఉంటారు. క.సా.గు. పద్ధతి చెప్పే ముందు వాళ్ల జవాబునే వాళ్ల ముందు పెట్టండి: 'సగానికి ఇంకొంత కలిపాం. 2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?' తక్కువ. కలిపితే తగ్గిందేమిటి? ఈ ఇబ్బంది వాళ్లకు అనిపించాక పట్టీలు తీయండి. 12 సెంటీమీటర్లు, 8 సెంటీమీటర్లు కలిపితే 20. ఆరో వంతు 4 సెంటీమీటర్లు కాబట్టి 20 అంటే అయిదు ఆరో వంతులు, 5/6. ఒకే సైజు ముక్కలైతేనే లెక్కపెట్టగలమన్న ఎరుక వచ్చాక ఉమ్మడి హారం పద్ధతి దానంతటదే కుదురుతుంది. అడ్డగుణకారం మాత్రం ఈ దశలో చెప్పకండి. తొందరగా నేర్చుకుంటారు, ఆ తర్వాత కూడికకూ, గుణకారానికీ, పోల్చడానికీ అన్నిటికీ అదే వాడతారు. 1/2 × 1/3కి 3/2 రాసే పిల్లలు తయారయ్యేది ఇలాగే.

గుణకారానికి మళ్లీ దీర్ఘచతురస్రం: 2/3 × 3/4కు 3 వరసలు, 4 నిలువు గదులు, మొత్తం 12 గళ్లు. రెండు వరసలు, మూడు నిలువులు కలిసేచోట 6 గళ్లు. 6/12, అంటే 1/2. గుణిస్తే పెరగాలన్న నమ్మకం ఇక్కడ విరిగిపోవాలి. విరిగిందో లేదో '20ని 0.5తో గుణిస్తే 20 కన్నా ఎక్కువా తక్కువా?' అని తర్వాతెప్పుడైనా అడిగి చూడండి.

భాగహారంలో 'రెండోదాన్ని తిరగేసి గుణించు' అన్న సూత్రం చిట్టచివర రావాలి. ముందు 'ఎన్ని ఉన్నాయి?' అన్న ప్రశ్న. 3లో సగాలు ఎన్ని? ఆరు. 3/4లో ఎనిమిదో వంతులు ఎన్ని? 3/4 అంటే 6/8, కాబట్టి ఆరు. హారాలు సమానం చేస్తే లవాలను భాగిస్తే చాలు: 2/3 ÷ 3/4 అంటే 8/12 ÷ 9/12, అంటే 8/9. కొన్ని లెక్కలు ఇలా చేశాక తిరగేసి గుణిస్తే కూడా అదే వస్తుందని చూపించండి. సూత్రం ఒక్కటే తెలిసినవాళ్లు మొదటి భిన్నాన్ని తిరగేసి 3/4 ÷ 1/8కి 1/6 రాసి ముందుకు పోతారు. 'ఎన్ని ఉన్నాయి?' అని అడిగే అలవాటున్నవాళ్లు ఆగుతారు.

దశాంశాలు

0.45ను 'సున్నా పాయింట్ నలభై అయిదు' అని చదివితే, 45 ఆరు కన్నా పెద్దది కాబట్టి 0.45 కూడా 0.6 కన్నా పెద్దదనే అనిపిస్తుంది. కనీసం మొదటి రెండు వారాలు 'నాలుగు పదో వంతులు, అయిదు వందో వంతులు' అని చదివించండి. గ్రాఫ్ కాగితం మీద 10 సెంటీమీటర్ల చతురస్రం గీసి దాన్ని 1 అనుకోండి. ఒక నిలువు వరస 0.1, ఒక సెంటీమీటరు గడి 0.01. 0.6 అంటే ఆరు నిలువులు, 0.45 అంటే నాలుగున్నర. రంగు వేస్తే ఇక వాదన ఉండదు.

'పదితో గుణిస్తే పక్కన సున్నా పెట్టు' అన్న పాత సూత్రం ఇక్కడ కొంప ముంచుతుంది: 2.5 × 10 = 2.50. అంకెలు ఒక స్థానం ఎడమకు జరుగుతాయని స్థానాల పట్టికలో జరిపి చూపండి.

ఋణసంఖ్యలు

'మైనస్ మైనస్ కలిస్తే ప్లస్' అన్న మాటను తరగతిలో నిషేధించినా తప్పులేదు. −3 − 5కి 8 రాయించేది అదే. అది రెండు సంఖ్యలను గుణించేటప్పుడు చెప్పాల్సిన మాట, పిల్లలు రెండు మైనస్ గుర్తులు ఎక్కడ కనబడితే అక్కడ అతికిస్తారు.

రెండు రంగుల అట్టముక్కలు, ఒక్కో రంగువి ఇరవై, తీసుకోండి. ఒక రంగు +1, ఇంకోటి −1. ఒకటీ ఒకటీ జతపడితే సున్నా. 3 − (−2) చేయాలంటే బల్ల మీద మూడు ధన ముక్కలున్నాయి, రెండు ఋణ ముక్కలు తీయాలి, అవి లేవు. రెండు సున్నా జతలు తెచ్చి పెట్టండి, విలువ మారదు. ఇప్పుడు రెండు ఋణ ముక్కలు తీసేస్తే అయిదు ధన ముక్కలు మిగులుతాయి. −3 − 5 కూడా ఇలాగే చేయిస్తే ఎనిమిది ఋణ ముక్కలు తేలతాయి.

గుణకారానికి ముక్కలు అంతగా పనికిరావు, వరస పనికొస్తుంది. 3 × −2 = −6, 2 × −2 = −4, 1 × −2 = −2, 0 × −2 = 0. ప్రతి మెట్టుకూ 2 పెరుగుతోంది, మరి −1 × −2? పిల్లలే 2 అంటారు.

సమానం గుర్తు, అక్షరాలు

8 + 4 = □ + 5లో 12 రాసే పిల్లలు సమానం గుర్తును 'జవాబు ఇక్కడ రాయి' అన్న ఆజ్ఞగా చదువుతున్నారు. ఆ గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ రెండు సమాంతర రేఖలుగా గీసింది, అంతకన్నా సమానమైనవి మరో రెండు ఉండవని. ఆ సమానత్వమే వీళ్ల దృష్టిలో లేదు. కొంత దోషం మనది కూడా: బోర్డు మీద 5 + 3 = 8 × 2 = 16 అని గొలుసుగా రాసేస్తుంటాం. ప్రతి మెట్టూ విడి వరసలో రాయండి. 12 = 7 + 5, 9 = 9, 6 + 7 = 7 + 6 లాంటివి ఇచ్చి ఒప్పా తప్పా అడగండి.

సమీకరణాల్లో 'అటువైపు వెళ్తే గుర్తు మారుతుంది' అన్నది ఇంకో ప్రమాదం. 3క = 12లో 3 అటు వెళ్లి మైనస్ 3 అవుతుంది, క విలువ 9 అని తేలుతుంది. ఏమీ ఎటూ వెళ్లదు. రెండు వైపులా ఒకే పని చేస్తాం. మొదటి నెల ఆ పనిని రెండు వైపులా రాయించండి, చివర విలువను మొదటి వరసలో పెట్టి సరిచూడమనండి.

అక్షరం సంఖ్యకు గుర్తు, వస్తువు పేరుకు పొట్టిరూపం కాదు. 'ఒక్కో టీచరుకు ఆరుగురు విద్యార్థులు' అన్నదాన్ని సమీకరణంగా రాయమంటే 6వి = టీ అని రాస్తారు. పది మంది టీచర్లుంటే విద్యార్థులెందరో అడిగి, ఆ అంకెలు వాళ్ల సమీకరణంలోనే పెట్టించండి. 360 = 10 అని వచ్చాక వి = 6 × టీ అని వాళ్లే మార్చుకుంటారు.

నిష్పత్తి, శాతం, మాటల లెక్కలు

రెండు పాళ్లు నీలం, మూడు పాళ్లు పసుపు కలిపితే ఒక రంగు వచ్చింది. నీలం నాలుగు పాళ్లయితే పసుపు ఎంత? 5 అన్న జవాబు వస్తే వాళ్లు రెట్లు చూడటం లేదు, తేడా చూస్తున్నారు. పట్టిక గీయించి 2–3, 4–6, 6–9 అని 2–3 జత మొత్తాన్నే పదేపదే కలిపించండి. శాతంలో ఒక్క లెక్క చాలా చెప్తుంది: 100ను 20 శాతం పెంచి, వచ్చినదాన్ని 20 శాతం తగ్గిస్తే? 100 కాదు, 96. రెండో 20 శాతం దేని మీద అన్న ప్రశ్నే అసలు పాఠం.

మాటల లెక్కల్లో కీలక పదాలు పట్టుకోమని నేర్పకండి. 'నా దగ్గర 12 పెన్సిళ్లున్నాయి, నీకన్నా 5 ఎక్కువ. నీ దగ్గర ఎన్ని?' అంటే 'ఎక్కువ' చూసి 17 రాస్తారు. లెక్కలోంచి సంఖ్యలు తీసేసి ఇచ్చి, ఎవరి దగ్గర ఎక్కువున్నాయో పట్టీ బొమ్మ గీయమనండి. సంఖ్యలు ఆ తర్వాత ఇవ్వండి.

45 నిమిషాలు ఎలా వాడాలి

మొదటి అయిదు నిమిషాలు నాలుగు ప్రశ్నలు: నిన్నటిది, పోయిన వారానిది, పోయిన నెలది, ఒక అంచనా లెక్క. పదిహేను నిమిషాలు కొత్త విషయం, రెండు చేసిన లెక్కలు పక్కపక్కన పెట్టి, వీలైతే అందులో ఒకటి తప్పుగా చేసినదై ఉండాలి (ఏ పిల్లలదీ కాదు, మీరు రాసినదే). ఇరవై నిమిషాలు అభ్యాసం, ఆరు నుంచి ఎనిమిది లెక్కలు, ఒకే రకం కాకుండా కలిపి. ఒకే రకమైతే మూడో లెక్క నుంచి ఆలోచించడం మానేసి చేయి మాత్రమే కదుపుతారు. చివరి అయిదు నిమిషాలు ఒక్క ప్రశ్న, చిన్న కాగితం మీద రాసి ఇచ్చి వెళ్లాలి. రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కాగితాలే చెప్తాయి.

ప్రశ్న అడిగాక మూడు నాలుగు సెకన్లు మౌనంగా ఉండండి. అనుకున్నంత తేలిక కాదు. చేతులెత్తిన వాళ్లనే అడిగితే ఎప్పుడూ ఆ అయిదుగురే కనబడతారు. పలకలుంటే అందరూ ఒకేసారి జవాబు రాసి పైకి చూపించాలి.

మూడు వారాల తర్వాత మొదటి పరీక్షనే సంఖ్యలు మార్చి మళ్లీ పెట్టండి. 503 − 267 స్థానంలో 702 − 458 ఇవ్వండి. 244 వస్తే సరే. 356 గానీ 254 గానీ వస్తే పాత నియమం ఇంకా బతికే ఉంది. అప్పుడు పాఠం మొత్తం మళ్లీ చెప్పకండి. అంకెల నుంచి ఒక్క మెట్టు వెనక్కి, బొమ్మకో విడదీసి రాయడానికో వెళ్లి, ఆ ఒక్క రకం లెక్కలే నాలుగు చేయించి, వారం తర్వాత ఇంకోసారి చూడండి.